సీ-టైప్ లైన్‌లో సంపు దొంగ

"దొంగ! దొంగ పడ్డడు!"

భార్య జ్యోత్స్న కేక విని బాబూరావు చేతిలోని చెంబు జారి అరటి పాదులో పడింది.

అతను అప్పుడు అరటిచెట్టు మొదట్లో, చదరపు బండ మీద, నడుముకు తువ్వాలుతో, మొహం నిండా బొగ్గుతో, నెత్తి నిండా కుంకుడు రసంతో నిలబడి ఉన్నాడు. రసం ఎడమ కంట్లోకి దిగుతోంది. కడుక్కుందామంటే చెంబు బురదలో ఉంది.

"ఏం పోయిందే?" అన్నాడు ఒక కన్ను మూసుకుని.

"నీళ్లు!"

బాబూరావు రెండో కన్ను కూడా మూసుకున్నాడు. కుంకుడు రసం వల్ల కాదు.

పోయింది గొలుసో, గ్యాస్ బండో అయితే అతనికి ఇంత భయం ఉండేది కాదు. ఆ నీళ్లు ఎవరు తోడారో బొగ్గుగని కాలనీలోని సీ-టైప్ లైన్ ఇరవై క్వార్టర్లలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ప్రస్తుతం తువ్వాలు మీద ఉన్నాడు.

పెరట్లో, నేలలోకి కట్టిన నీళ్ల సంపు పక్కన జ్యోత్స్న వెదురు కర్ర పట్టుకుని నిలబడింది. కర్రకు చాకుతో గీసిన ఎనిమిది గీతలున్నాయి. ఆ ఎండాకాలం కొత్తగూడెంలోని వాళ్ల లైన్‌కు నల్లా దినం తప్పి దినం, నలభై నిమిషాలు వస్తోంది. సంపులో ఎన్ని నీళ్లున్నాయో ఆమె పూటపూటకూ ఆ కర్ర ముంచి చూస్తుంది. డాక్టరు జ్వరం చూసినట్టు చూస్తుంది.

"రెండు గంటలకు కుట్టు సెంటర్‌కు పోయేటప్పుడు ఆరు గీతలున్నయ్. ఇప్పుడు మూడు. నిన్న గిట్లనే. మొన్న గిట్లనే."

"ఎండకు ఆవిరైనయేమోనే."

"మూత పెట్టిన సంపుల?"

"ఆవిరికి మూతలు అడ్డమా? గనిల మేం..."

"గని సంగతి గనిల చెప్పు. మూడు గీతలు ఆవిరైతే నువ్వు గూడ ఆవిరైతవ్. ఇంట్లకు రెండున్నర గీతలు గావాలె. మరి గా తీగకేం పొయ్యాలె?"

ఆమె కర్ర ఎత్తి పందిరి వైపు చూపించింది. పందిరి మీద సొరతీగ ఆకులు వాడి, తడిబట్టల్లా వేలాడుతున్నాయి. వాటి మధ్య ఒకే ఒక కాయ. పొట్టిగా, మెడ లేకుండా, కడవలా గుండ్రంగా ఉంది.

ఆ కాయ మామూలు కాయ కాదు. బాబూరావు తల్లి చాంది కారేపల్లి దగ్గరి తండా నుంచి పంపిన విత్తనం. చాందికి ఆ విత్తనం ఆమె అత్త ఇచ్చింది, ఆ అత్తకు ఆమె అత్త. నిరుడు తండాలో విత్తనాలు దాచిన ఎండు సొరబుర్రను ఎలుకలు కొట్టేశాయి. మిగిలినవి నాలుగు గింజలు. మొలిచింది ఒకటి. ఆ తీగకు కాసిన ఒక కాయను విత్తనానికని కోయకుండా వదిలింది జ్యోత్స్న. అది ముదిరి, ఎండి, ఊపితే గలగలమనాలి. ఈలోపు తీగ ఎండిందా, అన్ని తరాల అత్తలు కాపాడిన సొర ఈ కోడలి పెరట్లో ఆఖరవుతుంది.

"ఆదివారం అత్త వస్తున్నది కాయ చూడనీకె. ఏం చెప్పాలె?" అంది జ్యోత్స్న. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. అది బాబూరావును ఇంకా భయపెట్టింది.

ఈలోపు గోడల మీద తలకాయలు మొలిచాయి. అందరికంటే ముందు దిగినవాడు కమిటీ సీతయ్య. రిటైరైన టైమ్‌కీపర్. లైన్‌లో ఏం జరిగినా ముందు కమిటీ వేసి, ఏం జరిగిందని తర్వాత అడుగుతాడు. నిరుడు ఎవరింట్లోనో పాము దూరితే ఆయన అధ్యక్షుణ్ని, కార్యదర్శిని ఎన్నుకునేసరికి పాము వెళ్లిపోయింది. సహకరించినందుకు దానికి కృతజ్ఞతలు చెబుతూ రిజిస్టర్‌లో తీర్మానం రాయించాడు.

"నీటి చౌర్యం," అన్నాడు సీతయ్య రిజిస్టర్ తెరిచి. "కమిటీ ఏస్తున్న. అధ్యక్షుడు నేను. దర్యాప్తు ఆఫీసర్ ఎవరు?"

గోడల మీది తలకాయలను ఒక్కొక్కటే చూసి, తనే జవాబు చెప్పాడు.

"నీళ్ల గురించి మన లైన్ల బాబూరావు కన్న ఎరికైనోడు ఎవడు? ఇరవై ఆరేండ్ల సంది పంప్ ఆపరేటర్. బాబూరావే ఆఫీసర్!"

చప్పట్లు మోగాయి. నడుము దగ్గర తువ్వాలు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, దొంగ రెండో చెయ్యి ఎత్తి నమస్కారం చేశాడు.

ఇందులో బాబూరావు తప్పు ఎంత, పరిస్థితుల తప్పు ఎంత అనేది కాస్త చూడాలి.

భూమికి మూడు వందల మీటర్ల కింద, గనిలో ఊరే నీళ్లను పైకి తోడి పారబోయడం అతని ఉద్యోగం. నీళ్లు కనిపిస్తే బయటికి తోసేయాలి, అంతే. అలాంటివాడికి దొరికిన భార్య నీళ్లు కనిపిస్తే దాచేసే మనిషి.

బియ్యం కడిగిన నీళ్లు వంకాయ మొక్కలకు. కూరగాయలు కడిగిన నీళ్లు మిరపకు. పెరట్లో మట్టి ఎక్కడా కనపడదు, అంతా జానెడు మందాన ఎండాకులు పరిచింది. ఎండ తగలకపోతే తడి ఆరదట. సొరపాదు పక్కన ఒక కుండను మెడదాకా పాతింది. పొద్దున నింపితే ఆ నీళ్లు కుండలోంచి ఊరి వేర్లకు మెల్లగా అందుతాయి. పొట్టు, తొక్కలు, పేడ, అన్నీ ఒక గుంటలో. ఆ గుంటలో వానపాములు. వానపాములకు ఈ ఇంట్లో ఉన్న గౌరవం బాబూరావుకు లేదు.

స్నానం విషయంలో ఆమె పెట్టిన నియమాలు మూడు. ఒకటే బకెట్టు. అరటిచెట్టు మొదట్లోనే. సబ్బు లేదు, కుంకుడుకాయే.

"సబ్బెందుకొద్దు?" అని అతను మొదటి రోజు గట్టిగానే అడిగాడు.

"సబ్బు నీళ్లకు వానపాములు చస్తయ్."

"నాకన్న నీకు వానపాములే ఎక్కువనా?"

"అవి ఇరవై నాలుగు గంటలు డ్యూటీ చేస్తయ్. ఓటీ అడగవు. వచ్చి టీ పెట్టుమనవు."

గనిలోంచి వచ్చే మనిషి ఎలా ఉంటాడు? కనుగుడ్లు, పళ్లు తప్ప తెలుపు మిగలదు. గని దగ్గర స్నానానికి నల్లాలున్నా, ఇంటి స్నానమే స్నానమని బాబూరావు సిద్ధాంతం. ఒక్క బకెట్టు కుంకుడు రసం కడుక్కోవడానికే చాలదు. అరటిచెట్టు ఏపుగా పెరిగింది, బాబూరావు చిక్కిపోయాడు.

అందుకని పది రోజుల కిందట ఒక పథకం వేశాడు.

పెరటి మూల కట్టెల కొట్టు ఉంది. గ్యాస్ వచ్చాక దాని తలుపు తీసినవాళ్లు లేరు. సంపులోంచి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు బాబూరావు స్వహస్తాలతో బిగించిందే. ఆ పైపుకు కట్టెల మోపు వెనక ఒక టీ-జాయింట్ వేశాడు. దాన్నుంచి సన్నని పైపు లాగి, కొట్టు లోపల షవర్ పెట్టాడు. ఆ వాడిన నీళ్లు గోడ కింది కంతలోంచి బయటికి పోతాయి. ఎక్కడ అతికాడో దేవుడికి కూడా కనిపించనంత నున్నగా చేశాడు పని.

మొదటి షిఫ్టు దిగి మూడున్నరకు ఇంటికొస్తాడు. జ్యోత్స్న నాలుగున్నరకు గాని రాదు. మధ్యలో గంట. కొట్టులో దూరి, మోటారు వేసి, చందనం సబ్బుతో, పాటతో, తీరుబడిగా స్నానం.

పథకంలో చిక్కు ఒక్కటే. జ్యోత్స్న వచ్చేసరికి అతను నల్లగా ఉండాలి. అందుకని టిఫిన్ డబ్బాలో గుప్పెడు బొగ్గుపొడి తెచ్చుకునేవాడు. తళతళలాడే మొహానికి ఆ పొడిని, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా పట్టించుకునేవాడు. అయిదింటికి అరటిచెట్టు కింద నిలబడి అధికారిక స్నానం మళ్లీ చేసేవాడు.

రోజుకు రెండు స్నానాలు చేసి రెండుసార్లు నల్లబడే మగవాడు సీ-టైప్ లైన్‌లో ఇంకొకడు లేడు.

ఆ సాయంత్రం కమిటీ వెళ్లిపోయాక జ్యోత్స్న అతనికి తువ్వాలు అందిస్తూ అడిగింది.

"ఏమయ్యా, గనిల బొగ్గు మొహానికే అంటుతదా? చెవులెనక అంటదా?"

"గాలి ఎదురుగ వస్తదే. ఎనక నుంచి రాదు."

"మరి మెడకు?"

"అది ఫ్యాన్ గాలి. నీకు దెల్వదు."

"అవ్, నాకేం దెలుస్తది," అంది జ్యోత్స్న.

బాబూరావు చెవి వెనక వేలితో తడుముకున్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ అతనికి ఏదో ఒకటి పోయింది. ఒకసారి మోటారు సైకిలు పోయింది. ఇంకోసారి మీసం.

మరుసటి రోజు దర్యాప్తు మొదలైంది. దొంగే ఆఫీసర్ కాబట్టి చాలా చురుగ్గా సాగింది. బాబూరావు సంపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మూత ఎత్తి వాసన చూశాడు. గడ్డిపోచ ఒకటి తీసి వెలుతురులో పెట్టి పరిశీలించాడు. చివరికి ప్రకటించాడు.

"కోతులు."

సీతయ్య కలం ఆగింది. "కోతి మూత తీస్తదనుకో. నీళ్లు తాగినంక మూత మళ్ల పెడ్తదా?"

"గివి అడవి కోతులు కావు సీతయ్య మామా. భద్రాచలం దిక్కు నుంచి వచ్చినయ్. గుడి దగ్గర పెరిగినయ్. పద్ధతి తెలుసు."

"మూడు గీతల నీళ్లు తాగినయా?"

"కుటుంబంతో వచ్చినయ్."

సీతయ్య రాసుకున్నాడు. అంతటితో వ్యవహారం కోతుల మీద ముగిసిపోయేదే. కాని జ్యోత్స్న గోడ మీదుగా పక్కింట్లోకి చూసి, "అరె, గీ ఎండల గా గోంగూరేంది గంత పచ్చగున్నది?" అంది.

అందరూ గోడెక్కారు.

పక్కిల్లు బొజ్జయ్యది. దుమ్ముగూడెం అవతల అడవి ఊరి మనిషి. ఇక్కడ వాచ్‌మన్. రోజుకు పది మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. అందులో నాలుగు మేకతో. లైన్‌లో పెరళ్లన్నీ ఎండి పటపటమంటుంటే, బొజ్జయ్య గోంగూర మాత్రం నడుమెత్తు పెరిగి, గాలికి ఊగుతూ కనిపించింది. సరిగ్గా గోడ పక్కనే. సరిగ్గా కట్టెల కొట్టు వెనక.

బాబూరావు ఒకసారి కొట్టు వైపు, ఒకసారి గోంగూర వైపు చూశాడు. గోడ కింది కంత అవతల ఎక్కడ తేలుతుందో పథకం వేసినప్పుడు చూసుకోలేదు. గనిలో నీళ్లు బయటికి పోతే చాలు, ఎవరి చేలో పడ్డాయని పంప్ ఆపరేటర్ అడగడు.

సీతయ్య గోంగూర ఆకు ఒకటి తుంచి నలిపి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"చందనం!"

"బొజ్జయ్యా, దీనికి నీళ్లెక్కడియి?" అని సీతయ్య పెరట్లో ఉన్న బొజ్జయ్యను నిలదీశాడు.

"పొయ్యలే," అన్నాడు బొజ్జయ్య.

"పొయ్యకుండ గిట్ల పెరుగుతదా?"

"పెరిగింది."

"ఇంకేమన్న ఇచ్చంత్రం ఉన్నదా?"

బొజ్జయ్య ఆలోచించాడు. "పులుసు నురగొస్తంది."

"ఎన్ని రోజుల సంది?"

"పది."

సీతయ్య రిజిస్టర్ తొడ మీద పెట్టుకుని గబగబా రాశాడు. "పొరుగింటి సంపు నీళ్లు దొంగతనంగ తోడి, గోంగూరకు పోసి, నేరం బయటపడకుండ ఆకులను చందనం సబ్బుతో కడిగినట్టు అనుమానం."

"నేరం దాసుడానికి గోంగూరను కడుగుతరా మామా?" అన్నాడు బాబూరావు.

"దొంగల మనసు నీకేం దెలుస్తది బాబూరావ్? నువ్వు అమాయకునివి."

తీర్మానం అయిపోయింది. ఆదివారంలోగా తను దొంగ కాదని బొజ్జయ్య నిరూపించుకోవాలి. లేదంటే ఇంటింటి వాల్వ్ తాళాలు కమిటీ దగ్గరే ఉన్నాయి కాబట్టి నెల రోజులు అతని ఇంటికి నల్లా బంద్. దర్యాప్తు ఆఫీసర్ సంతకం పెట్టాలి. బాబూరావు పెట్టాడు. పెడుతుంటే బొజ్జయ్య అతని వైపు చూశాడు. కోపంగా కాదు. మేక చూసినట్టు చూశాడు.

ఆ పూట బాబూరావుకు అన్నం సయించలేదు. ఇక షవర్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు మరుసటి రోజు మూడు ముప్పై అయిదు దాకా నిలబడింది. ఎండ నలభై నాలుగు డిగ్రీలుంది. రెండు నిమిషాలే అనుకుని లోపలికి వెళ్లాడు. బాబూరావు గడియారంలో రెండు నిమిషాలంటే పావుగంట.

బయటికొచ్చి చూస్తే సొరతీగ ఇంకో జానెడు వాలిపోయి ఉంది. జ్యోత్స్న పొద్దున కుండ నింపలేదు. నింపడానికి నీళ్లు లేవు. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె తన మొహం కడిగిన నీళ్లు దోసిట్లో పట్టి పాదులో పోయడం అతను చూశాడు.

అప్పుడతనికి నిజంగానే బాధ కలిగింది. బాధ కలిగిన మనిషి షవర్ విప్పేయాలి. బాబూరావు ఇంకో పథకం వేశాడు.

తెలిసిన రైతు దగ్గర రెండు గుప్పెళ్ల యూరియా అడిగి తెచ్చాడు. యూరియా వేస్తే పైరు పచ్చబడుతుందని అతను చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. నీళ్లు లేకపోతేనేం, ఆదివారం దాకా పచ్చగా కనిపిస్తే చాలు. ఎండాకులు పక్కకు జరిపి, పొడి పాదులో రెండు గుప్పెళ్లూ చల్లి, ఆకులు మళ్లీ కప్పేశాడు.

శనివారం పొద్దున జ్యోత్స్న అరుపుకు ఈసారి చెంబు కాదు, టీ గ్లాసు పడింది.

తీగ ఆకుల అంచులన్నీ కాలిన కాగితాల్లా మాడిపోయాయి. కింద ఎండాకులు జరిపితే తెల్లటి గింజలు. వాటి మధ్య రెండు వానపాములు, వంకరగా, కదలకుండా.

"ఎవడో మందు పెట్టిండు! తడి లేని మట్టిల యూరియా పోసిండు, ఏరు కాల్చిండు!"

సీతయ్య క్షణంలో దిగాడు. "బొజ్జయ్యే. సాక్ష్యం చెరిపేస్తున్నడు."

"బొజ్జయ్య పాపం అసొంటోడు కాదు మామా," అన్నాడు బాబూరావు నీరసంగా.

"మరి ఎవడు?"

"కోతులు..."

"యూరియా సంచి మోసుకొచ్చినయా?"

"గుడి దగ్గర పెరిగినయి గదా."

జ్యోత్స్న వాళ్ల మాటలు వినడం లేదు. మోకాళ్ల మీద కూచుని పైమట్టి బెత్తెడు లోతు చేతులతో తవ్వి తీసేసింది. గుంటలోని ఎరువు తెచ్చి నింపింది. తాగడానికి పట్టుకున్న బిందె ఎత్తి, మారుమాట లేకుండా, సగం పాదులో పోసింది. ఎండాకులు మళ్లీ పరిచింది. మాడిన కొమ్మలు కత్తిరించింది. కాయ ఉన్న కొమ్మ ఒక్కటే ఇంకా పచ్చగానే ఉంది.

లేచి చేతులు దులుపుకుంటూ మొగుణ్ని ఎగాదిగా చూసింది. సీతయ్య వైపు తిరిగి, "రేపు పది గంటలకు కమిటీ మా పెరట్లనే పెట్టు మామా. అందరినీ పిలువు," అంది.

ఆదివారం తొమ్మిదిన్నర బస్సుకు చాంది దిగింది. డెబ్బై రెండేళ్ల మనిషి. మోచేతి దాకా తెల్ల గాజులు, చంకలో సంచి. కొడుకును పలకరించకుండా సరాసరి పందిరి కిందికి నడిచింది.

"యాడీ, నీళ్లు తాగు," అన్నాడు బాబూరావు తల్లితో.

"నాకెందుకు, దానికి తాపు."

కాయను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నది. తొడిమ పట్టుకుని చూసింది.

"ఇంక వారం. ఈ వారం తడి అందితే గింజ గట్టివడ్తది. అందకుంటే తాలు. ఎవడు ఎండవెట్టిండు దీన్ని?"

అప్పటికి లైన్ మొత్తం వచ్చేసింది. బొజ్జయ్య ఒక మూల నిలబడ్డాడు. సీతయ్య రిజిస్టర్ తెరిచాడు.

"నీటి చౌర్యం కేసుల ఆఖరి తీర్మానం. బొజ్జయ్య నల్లా..."

"ఆగు మామా," అంది జ్యోత్స్న. "నాకు నిన్న అర్థమైంది. దొంగ లేడు, గింగ లేడు. లోపం మోటార్ల ఉన్నది."

బాబూరావు తల పైకెత్తాడు. ఇదేదో బయటపడే దారిలా ఉంది. మోటారు పాడైందంటే బొజ్జయ్య బతుకుతాడు, తనూ బతుకుతాడు, షవరూ బతుకుతుంది.

"అవ్! మోటారే అయ్యుంటది!" అన్నాడు ఉత్సాహంగా.

"అందుకే లాల్‌సింగ్ తమ్మున్ని పిలిచిన," అంది జ్యోత్స్న.

బాబూరావు ఉత్సాహం అక్కడే ఆగిపోయింది.

లాల్‌సింగ్ అదే గనిలో పంప్ ఆపరేటర్. బాబూరావు దిగే పంపు దగ్గరే తర్వాతి షిఫ్టు ఎక్కుతాడు. పద్నాలుగేళ్లు చిన్నవాడు. వీళ్లిద్దరూ ఒకరు బిగించిన బోల్టు మరొకరు విప్పి మళ్లీ బిగిస్తే గాని పంపు నడవదు. లాల్‌సింగ్ పానా పట్టుకుని గుంపులోంచి వచ్చి, మోటారు ముందు గొంతుకూచున్నాడు. జ్యోత్స్న వైపు ఓసారి చూశాడు. పాఠం అప్పజెప్పే పిల్లవాడు పంతులును చూసినట్టు.

"ఎవరు బిగించిన్రు వదినా దీన్ని?"

"మీ అన్ననే."

"అవునా," అని లాల్‌సింగ్ నాలుక చప్పరించాడు. "నేను ఎవరో హెల్పర్ అనుకున్న."

బాబూరావు చెవులు ఎర్రబడ్డాయి. ఓర్చుకున్నాడు.

"జాయింట్లు సక్కగ లేవు. ఇరుసు కాడ గ్లాండ్ లీకున్నది."

"గ్లాండ్..." అని మొదలుపెట్టి బాబూరావు పళ్లు కరుచుకున్నాడు.

"అసలు సంగతి సంపు అడుగుల పైపు మూతికున్న ఫుట్‌వాల్వ్. అది లీకైతున్నది. నీళ్లన్నీ అందుకే బయటికి పోతున్నయ్. రాసుకో సీతయ్య మామా. పంపు బిగించుడుల లోపం."

"ఫుట్‌వాల్వ్ లీకైతే నీళ్లు తిరిగి సంపులకే వస్తయ్ గదరా!" అన్నాడు బాబూరావు, ఓర్పు సగం తెగి. "బయటికెట్ల పోతయ్?"

"గట్ల అనుకునుడే నీ తప్పన్నా."

సీతయ్య పైకి చదువుతూ రాస్తున్నాడు. "పంప్ ఆపరేటర్ బాబూరావు బిగించిన పంపు... లోపభూయిష్టంగ..."

"పోనీలే తమ్ముడు," అంది జ్యోత్స్న, ఎంతో జాలిగా. "ఇరవై ఆరేండ్లు చేసిండు. ఆయనకు చేతనైనకాడికి చేసిండు. అందరికి పంపు పని రావాల్నంటే ఎట్ల వస్తది? రేపు గనిల ఎవరితోని అనకు."

"అనను వదినా. మా షిఫ్టోళ్లకు మాత్రమే చెప్త."

"కొడుకా," అంది చాంది, "ఇన్నేండ్లు నీకు పంపు పని రాకుండనే జీతం ఇచ్చిన్రా?"

బాబూరావు లోపల ఏదో పుటుక్కున తెగింది. దొంగ అనిపించుకోవచ్చు. అబద్ధాలకోరు అనిపించుకోవచ్చు. కడిగిన మొహానికి మళ్లీ బొగ్గు పూసుకునే పిచ్చివాడని కూడా అనిపించుకోవచ్చు. కాని మాలోత్ బాబూరావు బిగించిన పంపు లీకవుతుందని రేపు మొదటి షిఫ్టులో ఎవడైనా అంటే, అతను ఇక ఏ మొహంతో గని దిగుతాడు?

"కొట్టెయ్యి!" అని అరిచాడు. "కొట్టెయ్యి మామా ఆ లైను! పంపుల లోపం లేదు. గ్లాండ్ల లోపం లేదు. నా ఫుట్‌వాల్వ్ చుక్క కారదు. ముందు అది రాయి!"

"రాస్త. మరి నీళ్లెటు పోయినయ్?"

"కట్టెల కొట్లకు పోయినయ్! టీ-జాయింట్ ఏసి లాగిన. అండ్ల షవరున్నది. రెండు వారాల సంది నడుస్తున్నది, ఒక్క జాయింటు చెమ్మగిల్లలే. పోయి చెయ్యి పెట్టి చూసుకోండ్రి! ఇది హెల్పర్ పనేనా? చెప్పురా లాల్‌సింగ్, హెల్పర్ పనేనా?"

లాల్‌సింగ్ పానా కింద పెట్టి జ్యోత్స్న వైపు తిరిగాడు.

"వదినా, ఇంకేమన్న తప్పులు చెప్పాల్నా, సాలునా?"

"సాలు తమ్ముడు. చాయ తాగిపో."

తను ఏం అరిచాడో బాబూరావు చెవులకు అప్పుడు చేరింది. సీతయ్య కట్టెల కొట్టు తలుపు తీసి లోపలికి తొంగి చూసి, చందనం సబ్బు పట్టుకుని బయటికొచ్చాడు. ఇంకో చేతిలో బొగ్గుపొడి డబ్బా.

బొజ్జయ్య ముందుకొచ్చి సబ్బు వాసన చూశాడు.

"పులుసు," అన్నాడు.

"అవ్ అన్నా. నీ పులుసు అదే," అంది జ్యోత్స్న. "యూరియా పోసిన చేతులు గూడ అవే. ఇయ్యాల్టి సంది ఆ షవర్ పైపు సొరపాదు కుండకు వస్తది. పెట్టినోడే విప్పి మళ్ల బిగిస్తడు. పని బాగ తెలిసినోడు గదా."

"అండ్ల తానం చేసింది ఎవడు?" అంది చాంది. కొడుకునే చూస్తోంది.

సీతయ్య రిజిస్టర్ సర్దుకున్నాడు. "తీర్మానంల దొంగ పేరు దగ్గర జాగ ఖాళీగున్నది. దర్యాప్తు ఆఫీసరే చెప్పాలె. అది రూలు."

బాబూరావు తల్లి వైపు చూశాడు. కాయ వైపు చూశాడు. నెల రోజుల నల్లా పోగొట్టుకోబోయిన బొజ్జయ్య వైపు చూశాడు. తల దించుకుని గొణిగాడు.

"ఇనవడలే," అంది జ్యోత్స్న. "బొజ్జయ్యన్న ఇంటిదాక ఇనవడాలె."

"మాలోత్ బాబూరావు," అన్నాడు అతను, ఈసారి లైన్ చివరి క్వార్టర్ దాకా వినబడేట్టు. "తండ్రి పేరు దేవ్లా. పంప్ ఆపరేటర్. నీళ్ల దొంగను నేనే!"